పరుగుకూ నార్మలైజేషన్ ఉండాలి: శ్రీరామ్ సింగ్ నుంచి సూపర్ స్పైక్స్ దాకా

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. 800 మీటర్ల పరుగులో 1976లో ఒక భారతీయుడి టైమ్ 1:45.77. 2018లో ఇంకో భారతీయుడి టైమ్ 1:45.65. ఇద్దరిలో ఎవరు మేటి?

"రెండో ఆయనే, 0.12 సెకను తక్కువ కదా" అంటే అది ప్రిలిమ్స్ జవాబు. తప్పేమీ కాదు. కానీ ఇదే ప్రశ్న మెయిన్స్‌లో "చర్చించండి" అనే మాటతో వస్తే ఆ ఒక్క వాక్యం సరిపోదు. ఆ 42 ఏళ్లలో ట్రాక్ మారింది, గడియారం మారింది, శిక్షణ మారింది. ఆ తర్వాత బూటు కూడా మారిపోయింది. వేరువేరు కాలాల మనుషుల్ని ఒకే త్రాసులో ఎలా తూచాలి?

ఈ వారం వ్యాసం దీని మీదే. క్రీడల టాపిక్ కదా అని పక్కన పెట్టకండి. ఇందులో ఆధునిక చరిత్ర ఉంది, సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది, ఎథిక్స్ పేపర్‌కు పనికొచ్చే సమానత్వం చర్చ ఉంది. మీలో చాలామంది రాయబోయే ఫిజికల్ టెస్ట్ కూడా ఉంది.

షిఫ్టుల లెక్క మనకు తెలిసిందే

నేనుండే తాల్‌బగీచాలోనే కాదు, ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లున్న ఏ వీధిలోనైనా ఆర్.ఆర్.బి. మాట వినపడుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు మనవి. అందుకే నార్మలైజేషన్ అంటే ఏమిటో మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మొదటి షిఫ్టులో పేపర్ కష్టంగా వచ్చింది, మూడో షిఫ్టులో తేలిగ్గా వచ్చింది. మొదటి షిఫ్టులో 70 తెచ్చుకున్నవాడు మూడో షిఫ్టులో 74 తెచ్చుకున్నవాడి కంటే మెరిట్ లిస్టులో పైన ఉండొచ్చు. ఎందుకంటే బోర్డు ముందుగా చూసేది, ఆ షిఫ్టు రాసిన మిగతావాళ్ల మధ్య నువ్వెక్కడ నిలబడ్డావన్నది.

పరుగులో టైమ్ కూడా రా స్కోరు లాంటిదే. ఒక్కో కాలం ఒక్కో షిఫ్టు. 1954 ఒక షిఫ్టు, 1976 ఒక షిఫ్టు, 2024 ఇంకో షిఫ్టు. రా స్కోర్లను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేస్తే అన్యాయం జరుగుతుంది. అలాగని రా స్కోరుకు విలువే లేదనుకోవడమూ పొరపాటే. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలో తేల్చడమే మన పని.

ఒక్కో షిఫ్టులో ఏమేం మారాయి?

మధ్యదూర పరుగు అంటే ప్రధానంగా 800 మీటర్లు, 1500 మీటర్లు, మైలు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాకు చెందిన ఎడ్విన్ ఫ్లాక్ 1500 మీటర్లను 4:33.2లో గెలిచాడు. 1998లో మొరాకో రన్నర్ హిషామ్ ఎల్ గెరూజ్ రోమ్‌లో అదే దూరం 3:26.00లో పూర్తిచేశాడు. నూటరెండేళ్లలో 67 సెకన్ల పైచిలుకు తగ్గాయి. ఇందులో ఏ కారణానికి ఎంత వాటా?

మొదటిది నేల. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్ మైదానంలో రోజర్ బ్యానిస్టర్ మైలును 3:59.4లో పరిగెత్తి, మొదటిసారి నాలుగు నిమిషాల లోపలికి వచ్చాడు. అది సిండర్ ట్రాక్. కాలిన బొగ్గును నలిపి పరిచిన నేల. స్టీమ్ ఇంజన్ల కాలం చూసిన రైల్వే పెద్దలను అడగండి, ఆ బొగ్గు తుక్కు మీద నడిస్తే కాలు ఎలా దిగబడుతుందో చెబుతారు. ఒలింపిక్స్‌లో సింథటిక్ ట్రాక్ 1968 మెక్సికో సిటీలో వచ్చింది. మన ఢిల్లీకి 1982 ఆసియాడ్ నాటికి గానీ అలాంటి ట్రాక్ రాలేదు.

రెండోది కొలత. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మిల్ఖా సింగ్ 400 మీటర్ల టైమ్ చేతి గడియారంలో 45.6. ఎలక్ట్రానిక్ యంత్రంలో 45.73. అదే మనిషి, అదే పరుగు, రెండు అంకెలు. 400 మీటర్లు మధ్యదూరం కాకపోయినా ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోండి, ఎక్కడైనా పనికొస్తుంది.

మూడోది ముందు పరిగెత్తి వేగం పెట్టేవాళ్లు. బ్యానిస్టర్‌కు ఆ రోజు క్రిస్ బ్రాషర్, క్రిస్ చాటవే వంతులవారీగా పేస్ పెట్టారు. ఇప్పుడు పెద్ద మీట్‌లలో ట్రాక్ లోపలి అంచున వేవ్‌లైట్ అనే దీపాల వరుస, రికార్డు వేగంతో రన్నర్ పక్కనే కదులుతూ వెళుతుంది. ఎప్పుడు వెనకబడుతున్నారో కంటికి కనపడుతూనే ఉంటుంది.

నాలుగోది బతుకుతెరువు. బ్యానిస్టర్ వైద్య విద్యార్థి. చదువు మధ్యలో దొరికిన గంటల్లోనే సాధన. ఇప్పటి రన్నర్లకు పరుగే ఉద్యోగం. ఎత్తైన ప్రాంతాల్లో క్యాంపులు, ఫిజియోలు, ఆహార నిపుణులు అందుబాటులో ఉంటారు.

ఐదోది డోపింగ్ పరీక్ష. రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని పెంచే ఈపీఓ మందుకు ఒలింపిక్స్‌లో పరీక్ష మొదలైంది 2000 సిడ్నీలోనే. ఇది ఫలానా వ్యక్తి మీద అనుమానం కాదు. ఒక కాలం టైమ్‌లను ఇంకో కాలం టైమ్‌లతో పోల్చేటప్పుడు ఆ రెండు కాలాల్లో కాపలా ఒకే తీరుగా లేదని గుర్తుంచుకోవడం మాత్రమే.

ఆరోది బూటు. ఈ ఆరింటిలో ప్రస్తుతం ఎక్కువ గొడవ దీనిమీదే.

బూటు కథ క్లుప్తంగా

1890ల్లో ఇంగ్లండ్‌లోని బోల్టన్‌లో జోసెఫ్ విలియమ్ ఫాస్టర్ అడుగున మేకులున్న పరుగు బూట్లు తయారుచేశాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి మహిళలకు 800 మీటర్ల పోటీ పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2:16.8తో గెలిచింది. ఆమె కాళ్లకున్నవి, తర్వాతి కాలంలో అడిడాస్ స్థాపించిన డాస్లర్ చేసిన స్పైక్స్. పోటీ ముగిశాక కొందరు అమ్మాయిలు అలసి నేలమీద కూలబడ్డారని పత్రికలు గోరంతను కొండంతలు చేశాయి. ఆ దెబ్బకు మహిళల 800 మీటర్లను ఒలింపిక్స్ నుంచి తీసేసి 1960 వరకు తిరిగి పెట్టలేదు. అంటే 32 ఏళ్లపాటు మహిళలకు ఆ షిఫ్టే లేదు. కాలాల మధ్య పోలికలో ఇదీ ఒక కోణమే: టైమ్ నమోదు కాలేదంటే సత్తా లేదని కాదు, అవకాశం లేదని.

1954లో బ్యానిస్టర్ వేసుకున్న తోలు స్పైక్స్ ఒక్కొక్కటి 130 గ్రాములు కూడా లేవు. మేకులను ల్యాబ్‌లోని సానరాయి మీద పదునుపెట్టి, సిండర్ అంటుకోకుండా వాటికి గ్రాఫైట్ రాసుకున్నాడు. ఇప్పటి సూపర్ స్పైక్ బరువు కూడా దాదాపు అంతే. కాబట్టి "పాతకాలం బూట్లు బండబరువు, ఇప్పుడు తేలిక" అని రాయకండి. 70 ఏళ్ల కిందటే చేతిపనివాళ్లు ఆ తేలికను సాధించారు. మారింది బరువు కాదు, అడుగున ఉన్న పదార్థం.

ఆ మార్పు మొదట రోడ్డు మీద వచ్చింది. 2017లో నైకీ కంపెనీ వేపర్‌ఫ్లై అనే మారథాన్ షూ విడుదల చేసింది. అడుగున పెబా అనే రకం తేలికైన మందపాటి ఫోమ్, దాని మధ్య వంపు తిరిగిన కార్బన్ ఫైబర్ ప్లేట్. 2019 నుంచి ఇలాంటి ఫోమ్ ఉన్న ట్రాక్ స్పైక్స్ నమూనాలు పోటీల్లో కనపడ్డాయి, 2020 నాటికి మార్కెట్లోకి వచ్చాయి. వీటినే సూపర్ స్పైక్స్ అంటున్నారు.

వరల్డ్ అథ్లెటిక్స్ సంస్థ 2020 జనవరి 31న నిబంధనలు బిగించింది. రోడ్డు షూ అడుగు మందం 40 మిల్లీమీటర్లు మించకూడదు, గట్టి ప్లేట్ ఒక్కటికి మించకూడదు. ఆ ఏడాదే ట్రాక్‌కు వేరే హద్దు పెట్టారు. 800 మీటర్లు, అంతకు మించిన ట్రాక్ పరుగులకు 25 మిల్లీమీటర్లు. 2024 నవంబర్ 1 నుంచి ట్రాక్ పరుగులన్నిటికీ 20 మిల్లీమీటర్లే. ఈ తేదీలూ అంకెలూ నోట్స్‌లో రాసుకోండి, ప్రిలిమ్స్‌కు పనికొస్తాయి.

ఫోమ్ ఏం చేస్తుంది?

బూటు తనంతట తాను శక్తి పుట్టించదు. అడుగు పడినప్పుడు ఫోమ్ అణుగుతుంది, కాలు లేచేటప్పుడు తిరిగి ఉబ్బుతుంది. అణిగేటప్పుడు తీసుకున్న శక్తిలో ఎంత తిరిగి ఇస్తుందన్నదే విషయం. పాత రకం ఫోమ్‌లు కొత్తవాటి కంటే ఎక్కువ శక్తిని వేడిగా పోగొట్టేవి. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు తొలి వేపర్‌ఫ్లైని పరీక్షించినప్పుడు ఫోమ్ సుమారు 87 శాతం శక్తిని తిరిగిచ్చింది. అదే వేగానికి రన్నర్ల శరీరం ఖర్చుపెట్టే శక్తి సగటున 4 శాతం తగ్గింది. ట్రాక్ సూపర్ స్పైక్స్‌లో ఫోమ్ పలచన కాబట్టి ఆ ఆదా 2 శాతం దరిదాపుల్లో ఉంటుందని తర్వాతి పరీక్షల్లో తేలింది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. శక్తి ఖర్చు 2 శాతం తగ్గితే టైమ్ కూడా 2 శాతం తగ్గిపోదు. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి నిరోధం పెరుగుతుంది, ఆదాలో కొంత అక్కడే ఖర్చవుతుంది. పైగా 800 మీటర్ల పరుగులో శక్తిలో గణనీయమైన భాగం ఆక్సిజన్‌తో పనిలేని మార్గంలో వస్తుంది. ల్యాబ్‌లో నిలకడ వేగంతో కొలిచిన అంకెను దానికి నేరుగా అంటించలేం. అందరికీ ఒకే లాభం కూడా ఉండదు. ఒకరి అడుగు తీరుకు కలిసొచ్చే షూ ఇంకొకరికి పెద్దగా ఉపయోగపడకపోవచ్చు.

రికార్డుల పుస్తకం ఏమంటోంది?

బూటే అంతా అయితే 2020 తర్వాత పాత రికార్డులన్నీ కుప్పకూలాలి. అలా జరిగిందా?

పురుషుల 800 మీటర్ల ప్రపంచ రికార్డు కెన్యా రన్నర్ డేవిడ్ రుడిషాది. 1:40.91, 2012 లండన్ ఒలింపిక్స్. 1500 మీటర్ల రికార్డు ఎల్ గెరూజ్‌ది, 1998. మైలు రికార్డు 3:43.13 కూడా ఆయనదే, 1999. మహిళల 800 మీటర్ల రికార్డు చెకోస్లొవేకియాకు చెందిన యార్మిలా క్రతొఖ్విలోవాది, 1:53.28, 1983. ఈ నాలుగూ సూపర్ స్పైక్స్ పుట్టకముందువే, చెక్కుచెదరలేదు.

అలాగని బూటు ప్రభావం లేదనేద్దామా? ఇంకో వైపు చూడండి. 2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల 800 మీటర్ల ఫైనల్లో ఎమ్మాన్యుయెల్ వాన్యోన్యి 1:41.19తో గెలిచాడు. ఆయనతో కలిపి నలుగురు 1:42 లోపల పూర్తిచేశారు. 1500 మీటర్ల ఫైనల్లో కోల్ హాకర్ 3:27.65తో గెలవగా, మొదటి ముగ్గురూ 3:28 లోపలే ఉన్నారు. మహిళల 1500 మీటర్లలో కెన్యాకు చెందిన ఫెయిత్ కిప్యెగాన్ 2023లో 3:49.11తో ప్రపంచ రికార్డు పెట్టి, తానే మళ్లీ మళ్లీ తగ్గిస్తూ 2025 జులైలో 3:48.68కి చేర్చింది. కొత్త స్పైక్స్ వచ్చాక జాబితాల్లో మెరుగుదల పురుషుల కంటే మహిళల్లో స్పష్టంగా ఉందని కూడా విశ్లేషణలు చెబుతున్నాయి.

కాబట్టి సమతూకంగా రాయాల్సిన వాక్యం ఇది: శిఖరం ఎత్తు పెద్దగా మారలేదు, కానీ శిఖరం దగ్గరికి చేరేవాళ్ల సంఖ్య పెరిగింది. పరీక్ష భాషలో చెప్పాలంటే టాపర్ మార్కు అక్కడే ఉంది, కటాఫ్ పైకి జరిగింది. అందులో బూటుకు వాటా ఉంది. వేవ్‌లైట్ అలవాటుకూ శిక్షణకూ కూడా వాటా ఉంది. వీటిని విడదీసి ఇంత శాతం దీనిది, అంత శాతం దానిది అని కచ్చితంగా పంచలేం.

టెక్నాలజీ అంతా ఒకచోట చేర్చిన ప్రయత్నం కూడా ఒకటి జరిగింది. 2025 జూన్ 26న పారిస్‌లో కిప్యెగాన్ మైలును నాలుగు నిమిషాల లోపల పూర్తిచేయడానికి ప్రయత్నించింది. ప్రత్యేక స్పైక్స్, ప్రత్యేక దుస్తులు, గాలిని అడ్డుకోవడానికి ముందూ వెనకా పేసర్ల గుంపు. వచ్చిన టైమ్ 4:06 దాటింది. అది రికార్డుగా గుర్తింపు పొందే పరుగు కాదు. నిబంధనల ప్రకారం 2023లో ఆమె పెట్టిన ప్రపంచ రికార్డు 4:07.64. అన్ని హంగులూ కలిపి ఇచ్చింది సెకను దరిదాపుల్లోనే, అంటే అర శాతం కూడా కాదు. మిగతాదంతా ఆమె ఊపిరీ ఆమె కాళ్లే.

రా స్కోరు ఎంత మోసం చేయగలదో చూడాలంటే లండన్ 2012 ఫైనల్ చాలు. రుడిషా ఎవరికోసమూ ఆగకుండా మొదటి నుంచీ ముందే పరిగెత్తాడు. వెనక ఉన్నవాళ్లంతా ఆ వేగానికి లాగబడ్డారు. ఎనిమిదో స్థానంలో, అంటే ఆఖరున వచ్చిన ఆండ్రూ ఒసాగి టైమ్ 1:43.77. అదే టైమ్ 2000, 2004, 2008 ఒలింపిక్స్ మూడింటిలోనూ బంగారు పతకానికి సరిపోయేది. ఇందులో కొత్త బూటు ప్రమేయం ఏమీ లేదు. ముందున్న మనిషి మారితే చాలు, ఒకే అంకె ఒకచోట పసిడి, ఇంకోచోట ఆఖరు.

ఇప్పుడు మన ఇద్దరి దగ్గరికి

మొదటి ప్రశ్నలోని 1976 మనిషి శ్రీరామ్ సింగ్. రాజస్థాన్‌వాడు, సైన్యంలో రాజ్‌పుతానా రైఫిల్స్. కోచ్ ఇలియాస్ బాబర్. మాంట్రియల్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్లో మొదటి ల్యాప్ అంతా ఆయనే ముందున్నాడు. 400 మీటర్ల దగ్గర 50.85. చివరికి ఏడో స్థానం, 1:45.77. ఆ పోటీని 1:43.50తో ప్రపంచ రికార్డు పెట్టి గెలిచిన క్యూబా వీరుడు అల్బెర్టో హువాంతొరేనా, ఆ రికార్డుకు శ్రీరామ్ పెట్టిన వేగమే సాయపడిందని తర్వాత చెప్పాడు. అంటే మనవాడు ఆ రోజు ప్రపంచ రికార్డుకు పేసర్‌గా కూడా పనిచేశాడన్నమాట.

2018 మనిషి కేరళకు చెందిన జిన్సన్ జాన్సన్. ఆ ఏడాది జూన్‌లో గువాహతిలో 1:45.65. 42 ఏళ్ల జాతీయ రికార్డు అలా పోయింది. తేదీ గమనించండి: సూపర్ స్పైక్స్ ఇంకా రాలేదు. కాబట్టి "బూట్ల వల్లే శ్రీరామ్ రికార్డు పోయింది" అనే మాట ఇక్కడ నిలవదు.

ఇప్పుడు నార్మలైజ్ చేద్దాం. పద్ధతి సులువు: ఆ రోజుకు ఉన్న ప్రపంచ రికార్డు కంటే ఎంత శాతం వెనక ఉన్నారో చూడటం. 1976లో శ్రీరామ్ సింగ్ హువాంతొరేనా కొత్త రికార్డుకు 2.27 సెకన్లు వెనక, అంటే 2.2 శాతం. 2018లో జిన్సన్ రుడిషా రికార్డుకు 4.74 సెకన్లు వెనక, అంటే 4.7 శాతం. 2025 మేలో దుబాయ్‌లో మహమ్మద్ అఫ్సల్ 1:45.61తో ఆ జాతీయ రికార్డును కూడా దాటాడు. కొద్ది వారాలకే పోలండ్‌లో 1:45 లోపలికి వెళ్లాడు. అయినా ప్రపంచ రికార్డుకు దూరం ఇంకా 4 శాతమే. రా స్కోరులో అఫ్సల్ మొదటివాడు. తన కాలపు ప్రపంచంతో పోలిస్తే శ్రీరామ్ సింగే శిఖరానికి దగ్గరగా నిలబడ్డాడు.

"అయితే పాతవాళ్లే గొప్ప" అని నిర్ధారణకు రాకండి. 1500 మీటర్లు చూడండి. 1995లో బహదూర్ ప్రసాద్ జాతీయ రికార్డు 3:38.00. అప్పటి ప్రపంచ రికార్డు అల్జీరియా రన్నర్ నూరుద్దీన్ మోర్సెలీది, 3:27.37. దూరం 5.1 శాతం. 2019లో బెర్లిన్‌లో జిన్సన్ 3:35.24 పరిగెత్తాడు. ఎల్ గెరూజ్ రికార్డుకు దూరం 4.5 శాతం. ఇక్కడ కొత్తతరమే దగ్గరైంది. నార్మలైజేషన్ పాతవాళ్లకు ఇచ్చే గ్రేస్ మార్కు కాదు, కొలబద్ద మాత్రమే. దాని హద్దు కూడా జవాబులో రాయాలి: ఒక్క ప్రపంచ రికార్డు అసాధారణంగా ఉంటే, ఆ కాలం వాళ్లందరూ లెక్కలో తక్కువగా కనపడతారు. ఇద్దర్నీ ఒకే ట్రాక్ మీద నిలబెడితే ఎవరు గెలుస్తారో మాత్రం ఏ సూత్రమూ చెప్పలేదు.

కాలికి సరిపోయే బూటు

టెక్నాలజీ అంటే కార్బన్ ప్లేటే కాదు. మన బెంగాల్‌లోనే ఉదాహరణ ఉంది. జల్పాయిగురి అమ్మాయి స్వప్న బర్మన్ 2018 జకార్తా ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో 6,026 పాయింట్లతో బంగారు పతకం గెలిచింది. ఏడు అంశాల ఈ పోటీలో ఆఖరిది 800 మీటర్ల పరుగు. స్వప్నకు రెండు పాదాలకూ ఆరేసి వేళ్లు. మార్కెట్లో దొరికే బూట్లు బిగుతై నొప్పి పెట్టేవి. ఆ బాధతోనే గెలిచాక గానీ విషయం దేశానికి తెలియలేదు. తర్వాత 2019లో అడిడాస్ ఆమె పాదం కొలతలకు ప్రత్యేకంగా బూట్లు చేసిచ్చింది. ఎవరికో రెండు శాతం ఆదా కోసం ప్రపంచమంతా వాదించుకుంటున్న రోజుల్లోనే ఒక ఆసియా ఛాంపియన్‌కు కాలికి సరిపోయే బూటే లేదు. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క ఉదాహరణే గుర్తుంచుకుంటానంటే దీన్ని ఎంచుకోండి.

2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అదే హెప్టాథ్లాన్ కాంస్యం మన తెలుగమ్మాయికి వచ్చింది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన అగసర నందిని 5,712 పాయింట్లతో మూడో స్థానం, స్వప్న 5,708తో నాలుగో స్థానం. తేడా నాలుగే పాయింట్లు. హెప్టాథ్లాన్ పాయింట్ల సూత్రం ప్రకారం 800 మీటర్లలో 2:15 దరిదాపుల్లో ఒక సెకనుకు సుమారు 14 పాయింట్లు. అంటే ఆ నాలుగు పాయింట్లు 0.3 సెకను కూడా కాదు. రెండు రోజుల్లో ఏడు పోటీలయ్యాక పతకం తేడా ఒక రెప్పపాటు. ఇంత సన్నటి తేడాలున్నచోట బూటు అందరికీ ఒకేలా అందుబాటులో ఉండాలని ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమవుతుంది.

మరి మీ పరుగు సంగతి?

ఇప్పుడు మీ దగ్గరికి వద్దాం. మీరూ మధ్యదూర రన్నర్లే, గమనించారో లేదో. యూపీఎస్సీ సీఏపీఎఫ్ అసిస్టెంట్ కమాండెంట్ ఫిజికల్ టెస్ట్‌లో 800 మీటర్లు పురుషులకు 3:45, మహిళలకు 4:45. రైల్వే గ్రూప్-డిలో 1000 మీటర్లు పురుషులకు 4:15, మహిళలకు 5:40. ఆర్పీఎఫ్ కానిస్టేబుల్‌కు పురుషులు 1600 మీటర్లు 5:45లో, మహిళలు 800 మీటర్లు 3:40లో పూర్తిచేయాలి. తెలంగాణ పోలీసు 2022 నోటిఫికేషన్లో పురుషులకు 1600 మీటర్లు 7:15, మహిళలకు 800 మీటర్లు 5:20. మీ నోటిఫికేషన్లో ఉన్న అంకెనే చివరి మాటగా తీసుకోండి.

వెయ్యి మీటర్లు ఎంత దూరమో ఖరగ్‌పూర్‌వాళ్లకు కళ్ల ముందే ఉంది. మన స్టేషన్ పొడవాటి ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలో అన్నిటికంటే పొడవైనది అదే. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో, 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో దాన్ని దాటేశాయి. రికార్డు పోయినంత మాత్రాన మన ప్లాట్‌ఫారం ఒక్క మీటరైనా కుదించుకుపోలేదు. శ్రీరామ్ సింగ్ 1:45.77 కూడా అంతే.

ఇప్పుడు అసలు సంగతి. రాత పరీక్షకు నార్మలైజేషన్ ఉంది. ఫిజికల్ టెస్ట్‌కు లేదు. ఎండలో పరిగెత్తినా, వాన వెలిసిన మర్నాడు బురద నేల మీద పరిగెత్తినా, సింథటిక్ ట్రాక్ మీద పరిగెత్తినా గీత ఒక్కటే: 4:15. పోటీలో ఇద్దరూ ఒకే నేల మీద ఒకే క్షణంలో పరిగెత్తుతారు కాబట్టి ఎవరు ముందన్నది తేలిపోతుంది. కటాఫ్ పరుగులో మీ ప్రత్యర్థి గడియారం ఒక్కటే, దానికి మీ నేలా తెలియదు, మీ బూటూ తెలియదు. 4:15 అంటే 255 సెకన్లు. ఒక్క శాతం తేడా రెండున్నర సెకన్లు. 4:17తో వెనుదిరిగిన అభ్యర్థికీ 4:15తో గట్టెక్కిన అభ్యర్థికీ మధ్య ఉన్నది సత్తానా, నేలా, చెప్పులషాపులో పెట్టగలిగిన డబ్బా అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేం. నిబంధనల్లో న్యాయం గురించి మాట్లాడాల్సింది ఇక్కడ. ఒలింపిక్ రన్నర్ బూటుకు మిల్లీమీటర్లలో హద్దు గీశారు. లక్షలమంది ఉద్యోగం తేల్చే పరుగుకు కూడా అన్ని కేంద్రాల్లో ఒకే రకం నేల, ఒకే వేళ, యంత్రంతో కొలత ఉండాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు.

అలాగని వేలు పోసి కార్బన్ షూ కొనడానికి పరుగెత్తకండి. వేగం తగ్గేకొద్దీ వాటి లాభం తగ్గుతుందనీ, మనిషి మనిషికీ మారుతుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. కాలికి సరిగ్గా సరిపోయి, మీరు నెలల తరబడి సాధన చేసిన బూటే పరీక్ష రోజూ వేసుకోండి. కిప్యెగాన్‌కు అన్ని హంగులూ కలిపి అర శాతం కూడా ఇవ్వలేదని మరవకండి. మీకు తగ్గాల్సిన సెకన్లలో ఎక్కువ భాగం తెల్లవారుజాము సాధనలోనే ఉన్నాయి.

జవాబు ఎలా కట్టాలి?

ఇలాంటి ప్రశ్న వస్తే నాలుగు మెట్లు వేసుకోండి. ముందు రా అంకెలు చెప్పండి. తర్వాత మారిన పరిస్థితులను విడివిడిగా లెక్కపెట్టండి: నేల, కొలత, పేస్, శిక్షణ, డోపింగ్ పరీక్ష, బూటు. మూడో మెట్టులో ఆ కాలం వాళ్ల మధ్య ఆ వ్యక్తి స్థానం ఎంతో చూపండి. చివరగా ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో ఒప్పుకోండి. ఈ నాలుగు మెట్లు పరుగుకే కాదు. రెండు దశాబ్దాల జీడీపీని పోల్చాలన్నా, రెండు జనాభా లెక్కల అక్షరాస్యతను పోల్చాలన్నా, ఇద్దరు పాలకుల రెవెన్యూ వ్యవస్థలను పోల్చాలన్నా పనికొస్తాయి. ధరలను సర్దకుండా రెండు కాలాల జీతాలు పోల్చినవాడూ, నేలను చూడకుండా రెండు కాలాల టైమ్‌లు పోల్చినవాడూ చేసేది ఒకే పొరపాటు.

ఈ వారం సాధన ప్రశ్న: "సాంకేతికత పోటీని మెరుగుపరుస్తుంది, కానీ పోలికను కష్టతరం చేస్తుంది. క్రీడారంగం నుంచీ మరో రంగం నుంచీ ఉదాహరణలతో చర్చించండి." 250 పదాలు, 15 మార్కులు. గడియారం పెట్టుకుని రాయండి. మొదటిసారి 15 నిమిషాలు పడితే ఆ అంకెను పేజీ పైన వేసుకోండి. వచ్చే వారం అదే పెన్నుతో, అదే బల్ల దగ్గర, అదే వేళకు మళ్లీ రాసి చూడండి. అప్పుడే ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడంలో అర్థం ఉంటుంది.